ఎర్రచుక్క నోరు

గౌరునాయుడి నాలిక కదిలితే గాని ఆ ఊరి బెల్లం మార్కెట్టులో వేలంపాట మొదలుకాదు. ఊరి పేరెందుకు లెండి. చెబితే మా ఊళ్ళో అలాంటివాళ్ళు లేరని ఒకరూ, అంతకంటే ఘనులున్నారని ఒకరూ తగవుకొస్తారు. రైతు తెచ్చిన దిమ్మ అంచున గోటితో చిన్న పెచ్చు లేపి, నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఉప్పు నేల సెరుకు" అనో, "పాకం ముదిరిపోనాది" అనో, "రంగుకి మందు కలిపీసినావు, బండి తిప్పుకో" అనో చెప్పేస్తాడు. ఆ మాట మీదే ధర. రైతు ఏడ్చినా, వ్యాపారి గింజుకున్నా ఇరవయ్యేళ్ళుగా దానికి తిరుగులేదు. మార్కెట్టు నడిబొడ్డున ఆయన కూర్చునే చెక్కపీటని రుచిపీట అంటారు. ఆ పీట మీద కూర్చున్నవాడికి పెద్ద రాబడి ఏమీ లేదు గాని, దారిన పోతుంటే నలుగురూ బీడీ దాచుకుంటారు. మనిషన్నవాడికి ఇంకేం కావాలి?

ఇరవయ్యేళ్ళు బెల్లం చప్పరించిన నోట్లో పన్ను పుచ్చకపోతేనే వింత. సీజను ఊపందుకునే వేళకి కుడివైపు కింది దవడపన్ను సలపడం మొదలైంది. లవంగం పెట్టాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, జామాకు నమిలాడు, ఊళ్ళోవాళ్ళు చెప్పినవన్నీ చేశాడు. పన్ను మాత్రం ఎవరి మాటా వినలేదు. బుగ్గ బూరెలా పొంగింది. బెల్లం పెచ్చు నాలిక మీద పడగానే ప్రాణం నడినెత్తికి వెళ్ళి వచ్చేది. నొప్పిలో ఒకరోజు మేలురకం దిమ్మని "ఉప్పన" అనేశాడు. ఆ రైతు పీట ముందు మట్టి తీసి నెత్తిన పోసుకున్నాడు.

మార్కెట్టు కమిటీ ప్రెసిడెంటు వీర్రాజు గారు గౌరునాయుణ్ణి పక్కకి పిలిచాడు.

"సోమారం పెద్దపాట ఉంది గదా. ఆ ఏలకి నోరు బాగుసేయించుకో నాయుడూ. నేదంటే మా సత్తిబాబు కూకుంటాడు, నీకేటీ బెంగొద్దు" అన్నాడు.

సత్తిబాబు వీర్రాజు గారి మేనల్లుడు. బెల్లానికీ బెడ్డకీ తేడా తెలియని నాలిక. గౌరునాయుడికి బెంగ పట్టుకోవడానికి ఆ ఓదార్పు చాలు.

"ఒలే రత్నం, పన్ను పోతే పోనాది, పీట పోతే నానేటయిపోతానే?" అన్నాడు ఇంటికొచ్చి.

"ముందు ఆ పన్ను పీకించుకో మావా. ప్రెబుత్వం ఆస్పత్రిలో పళ్ళ డాట్రమ్మ మంచిదంతన్నారు" అంది భార్య నూకరత్నం.

ఆవిడ చెప్పింది నిజమే. డాక్టరమ్మ మంచిదే. ఆసుపత్రి సంగతే ఆవిడకి తెలియదు.

ఆ పెద్దాసుపత్రికి సూపరింటెండెంటు డాక్టర్ భావనారాయణ గారు. చెడ్డవాడు కాడు, ఉత్సాహవంతుడు. చెడ్డవాడితో ఎలాగో నెగ్గుకురావచ్చు గాని ఉత్సాహవంతుడి కింద బతకడం కష్టం. ఆ మధ్య సముద్రం ఒడ్డున ఏదో పెద్ద హోటల్లో వైద్యుల సదస్సు జరిగితే ఆయన వెళ్ళారు. అక్కడొక ప్రొఫెసరు, చిగుళ్ళ జబ్బుకీ గుండెజబ్బుకీ, చక్కెర వ్యాధికీ, మతిమరుపుకీ ఏదో చుట్టరికం ఉన్నట్టు కొత్త పరిశోధనల్లో కనబడుతోందని చెప్పాడు. చెప్పి, "అయితే..." అన్నాడు. ఏది కారణమో ఏది ఫలితమో ఇంకా తేలలేదనీ, తొందరపడి ఎవరూ ఏమీ చేసెయ్యకూడదనీ ఆ "అయితే" వెనకాల చాలాసేపు చెప్పాడు. సరిగ్గా ఆ "అయితే" దగ్గరే భోజనాల గంట కొట్టారు. భావనారాయణ గారు జీవితంలో ఏ భోజనానికీ ఆలస్యంగా వెళ్ళినవారు కారు.

ఆ సగం శాస్త్రం పట్టుకుని ఊరికి తిరిగొచ్చి ముఖద్వార పథకం పెట్టారు. "సమస్త రోగములకూ ప్రవేశద్వారము నోరే అని అంతర్జాతీయ పరిశోధన నిర్ద్వంద్వంగా తేల్చిన నేపథ్యంలో, నోటి శుద్ధి లేని ఏ వ్యక్తికీ ఈ ఆసుపత్రిలోని ఏ విభాగంలోనూ ఏ విధమైన చికిత్సా చేయరాదు" అని ఉత్తర్వు. గేటు దగ్గర ముఖమిత్రలనే కొత్త సిబ్బంది ఇద్దరేసి నిలబడ్డారు. ఒకరి చేతిలో టార్చిలైటు, ఒకరి చేతిలో కుంచె. వచ్చినవాడు "ఆ" అనాలి. నోరు శుభ్రంగా ఉంటే బుగ్గ మీద ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్రచుక్క. చుక్క చెరిపేసుకుని రోగులు ప్రభుత్వాన్ని మోసం చేస్తారేమోనని, ఓటేసినప్పుడు వేలికి పూసే సిరాలాంటిది రెండు రంగుల్లో చేయించారు. గోడ నిండా "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని రాయించారు. మంచిమాట గురించి పెద్దలు అన్న సామెత పాపం పళ్ళపాలైంది.

గౌరునాయుడు వెళ్ళిన పొద్దున గేటు దగ్గర బారు సంతలా ఉంది. కాలు విరిగి మంచం మీద వచ్చినవాణ్ణి నోరు తెరవమన్నారు. "ఇరిగింది కాలండి బాబూ" అంటే, "కాలుకి దారి ఎటునుంచో తెలుసా?" అని ముఖమిత్ర టార్చి వేశాడు. వాడికి గారపళ్ళు. ఎర్రచుక్క పడింది, మంచం వెనక్కి తిరిగింది. నొప్పులు పడుతున్న ఒక ఆడకూతురిని ఆటోలోంచి దించారు. ఆవిడ ముందునుంచీ "ఆ" అనే అరుస్తోంది. ఇంత బాగా సహకరించిన రోగిని ఇంతవరకూ చూడలేదని మెచ్చుకుని ఆకుపచ్చ చుక్క పెట్టి లోపలికి పంపారు. వెనకాల ఒక ముసలాయన, నోట్లో ఒక్క పన్ను లేదు. లేని పన్ను పుచ్చదు కదా! నూటికి నూరు మార్కులిచ్చి, ఫొటో తీసి, "ఆదర్శ నోరు" అని గేటు మీద అతికించారు. అసలు ఆ తాత వచ్చింది మనవడికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి.

గౌరునాయుడు నోరు తెరిచాడు. ముఖమిత్ర తొంగిచూసి "అబ్బో" అన్నాడు. కుంచెవాడు పెద్ద చుక్కే పెట్టాడు.

గౌరునాయుడికి సంతోషమైంది. పన్ను పాడైందని గవర్నమెంటే ఒప్పుకుంది, ఇంక పీకడమే తరువాయి అనుకుని పళ్ళ విభాగానికి పరిగెత్తాడు. అక్కడ బెంచీలన్నీ ఖాళీ. డాక్టర్ మందాకిని ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"పన్ను పీకీండమ్మా. పానం పోతంది."

ఆవిడ చూసింది. మెల్లగా ఒక వేలితో దవడ నొక్కి చూసింది. "చీము పట్టింది నాయుడు గారూ. తీసెయ్యాల్సిందే. కాని నేను తియ్యకూడదు."

"ఏటమ్మా, మీరు పళ్ళ డాట్రు కాదేటి?"

"మీది ఎర్రచుక్క. నోటి శుద్ధి లేనివాళ్ళకి ఏ విభాగంలోనూ చికిత్స చెయ్యొద్దన్నారు. ఇదీ ఒక విభాగమే కదా."

గౌరునాయుడు కాసేపు ఆలోచించాడు. నొప్పిలో ఆలోచన సరిగా సాగక ఇలా అయిందేమో అనుకుని మళ్ళీ మొదటినుంచి ఆలోచించాడు.

"అంటే, పన్ను బాగుంటేనే పన్ను పీకుతారా?"

"ఆకుపచ్చ చుక్కవాళ్ళు వస్తే పీకొచ్చు. వాళ్ళు రారు. వాళ్ళకి పళ్ళు బాగానే ఉంటాయిగా" అంది మందాకిని. నవ్వలేదు. "నేను రెండుసార్లు రాశాను. నన్నే మందలించారు. మీరొకసారి వెళ్ళి చెప్పి చూడండి. రోగి నోటినుంచి వింటే ఏమన్నా మారుతుందేమో."

భావనారాయణ గారు గౌరునాయుణ్ణి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. రోగులతో మాట్లాడడం ఆయనకి ఇష్టం, వాళ్ళు మాట్లాడకుండా ఉంటే.

"చూడు బాబూ, పళ్ళ విభాగానికి మినహాయింపు ఇవ్వమని నీ కోరిక. సానుభూతితో పరిశీలించాను. కాని ఒక విభాగానికి మినహాయింపు ఇస్తే పథకం యొక్క మౌలిక స్ఫూర్తి దెబ్బతింటుంది. రేపు గుండె విభాగం అడుగుతుంది, ఎల్లుండి ఎముకలు అడుగుతాయి. సమన్యాయం అనేది ఒకటుంటుంది కదా?"

"నాకు సమన్నాయం వొద్దండి. పన్ను పీకితే సాలు."

"పథకం పెట్టిన తర్వాత మా పళ్ళ విభాగంలో రోగుల సంఖ్య ఏమైందో తెలుసా? శూన్యం! పూర్వం బెంచీలు చాలేవి కావు. ఇవాళ వెళ్ళి చూడు, ఈగ కూడా లేదు. ఈ ప్రాంతంలో పంటి జబ్బే లేకుండా పోయిందన్నమాట. రాజధానినుంచి కమిషనర్ గారు స్వయంగా వచ్చి అవార్డు ఇవ్వబోతున్నారు. ఇలాంటి చారిత్రక ఘట్టంలో నువ్వు ఒక్క పన్ను పట్టుకుని..." అని, జాలిగా తల ఊపారు. "ముందు నోరు శుద్ధి చేసుకునిరా. నేనే దగ్గరుండి పీకిస్తాను."

గౌరునాయుడికి ఒళ్ళు మండింది. నోట్లో మండుతున్న దానిముందు అదేమంత పెద్దది కాదు గనక దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. వరండాలో మందాకిని ఎదురైంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సాయంత్రం రోడ్డవతల పశువుల ఆసుపత్రి షెడ్డుకి రండి. అది వేరే శాఖ. అక్కడ ఎవరికీ చుక్కలు పెట్టరు."

షెడ్డుకి వెళ్ళేసరికి అక్కడ గేదెల మధ్య బుగ్గలు పట్టుకుని కొంతమంది మనుషులు కూర్చుని ఉన్నారు. అందరి బుగ్గల మీదా ఎర్రచుక్కలే. పశువుల డాక్టరు ఒక మూల ఎద్దు నోరు తెరిపించి పళ్ళు చూసి వయసు చెబుతున్నాడు, ఇంకో మూల మందాకిని తన సొంత సామాను వేడినీళ్ళలో మరిగిస్తోంది. గౌరునాయుణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, సూది వేసి, దవడ మొద్దుబారేదాకా ఆగి, పన్ను తీసేసింది. ఇరవయ్యేళ్ళ బెల్లం ఒక్క క్షణంలో చేతికొచ్చింది. దూది కొరికిపట్టుకుని గౌరునాయుడు ఏడ్చేశాడు. నొప్పికి కాదు, నొప్పి లేకపోవడానికి.

"మందులు మింగండి. నాలుగు రోజులు బెల్లం ముట్టుకోకండి" అంది ఆవిడ.

"సోమారం దాకా ఆగుతానమ్మా. ఆ పైన పీట ఆగదు" అన్నాడు.

పన్ను పోయింది, వాపు తీసింది, నాలిక మళ్ళీ నాలికైంది. సోమవారం పొద్దున తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని మార్కెట్టుకి వెళ్ళాడు. చుక్క మాత్రం పోలేదు. నూకరత్నం సీకాయతో తోమింది, కిరసనాయిలుతో తుడిచింది, నిమ్మచెక్కతో రుద్దింది. తోలు ఊడింది గాని ఎరుపు ఊడలేదు.

రుచిపీట మీద సత్తిబాబు కూర్చుని ఉన్నాడు. వాడి బుగ్గ మీద పచ్చచుక్క మిలమిలలాడుతోంది. వ్యాపారులంతా ఆసుపత్రికి వెళ్ళి ముందే పచ్చచుక్కలు పెట్టించుకుని వచ్చారు. జబ్బున్నవాళ్ళు కాదు, ఊరికే; ఊళ్ళో అదొక మర్యాద అయిపోయింది. పెళ్ళిచూపులకి కూడా చుక్క అడుగుతున్నారట.

"ఏటి పెసిడెంటుగారూ, సోమారం అన్నారు, వొచ్చినాను. నొప్పి పోనాది. సూడండి" అని నోరు తెరిచాడు గౌరునాయుడు.

వీర్రాజు గారు నోట్లోకి చూడలేదు, బుగ్గకేసి చూశాడు. "నొప్పి పోనాది గాని నాయుడూ, సుక్క పోనేదు గదా. ఎర్రసుక్క నోట్లో పెట్టిన బెల్లం దిమ్మని పైవూరోళ్ళు ఎలగ కొంటారు? గవర్నమెంటే రాసీసినాది మొకం మీద. నాను సెయ్యగలిగిందేటుంది?"

ఎదురుగా సత్తిబాబు ఒక దిమ్మ పెచ్చు నోట్లో వేసుకుని, పెదవులు చప్పరించి, "తియ్యగున్నాది" అన్నాడు. అది బెల్లం. ఇంకెలా ఉంటుంది? తరవాతిదీ "తియ్యగున్నాది" అన్నాడు. మందు కొట్టిన దిమ్మ మేలురకం ధరకి పోయింది. గౌరునాయుడు ఒక మూల నిలబడి చూశాడు. పన్ను పీకినప్పుడు రాని నొప్పి అప్పుడొచ్చింది. చుక్క మార్పించుకుందామని ఆసుపత్రి గేటుకి వెళితే, "ఎరుపు మీద పచ్చ పెట్టే నిబంధన లేదు" అని ముఖమిత్ర టార్చి ఆర్పేశాడు.

అవార్డు సభ రానే వచ్చింది. ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఊళ్ళో ఎవరికి సన్మానం జరిగినా కొత్తపాట బెల్లం ముక్క నోట్లో పెట్టాలి. అది రుచిపీట మీద కనీసం ఏడాది కూర్చున్నవాడి చేత్తోనే జరగాలి. సత్తిబాబు కూర్చుని ఇంకా వారమే. కాబట్టి వీర్రాజు గారు తనే స్వయంగా వచ్చి గౌరునాయుణ్ణి బతిమాలుకున్నాడు.

"బుగ్గకి తువ్వాలు సుట్టుకో. సుక్క కనపడకుండా సూసుకో" అని జాగ్రత్త చెప్పాడు.

వేదిక మీద కమిషనర్ గారు, పక్కన భావనారాయణ గారు. "పంటిరోగి అనేవాడే లేని పళ్ళ విభాగం! యావద్దేశానికీ దిక్సూచి!" అని కమిషనర్ గారు ఊగిపోయారు. భావనారాయణ గారు లేచి పరిశోధన, సమన్యాయం, స్ఫూర్తి అన్నీ చెప్పారు. అన్నీ ఎడమ పెదవి చివరినుంచే చెప్పారు. మధ్యమధ్య జేబురుమాలు కుడిబుగ్గకి ఆనించుకున్నారు. మంచినీళ్ళు తాగినప్పుడు తల ఎడమకి వాల్చి తాగారు. సభలో ఎవరికీ పట్టలేదు. తువ్వాలు చుట్టుకుని వేదిక మూల నిలబడ్డ గౌరునాయుడికి మాత్రం చూడగానే తెలిసిపోయింది. పాము కాళ్ళు పాముకెరుక. పాపం, తన ఆసుపత్రిలో తను పన్ను చూపించుకుంటే పంటిరోగి లేని విభాగంలో ఒక పంటిరోగి తేలతాడు. అవార్డు పోతుంది. అందుకని ఎన్నాళ్ళనుంచి బిగబట్టుకున్నాడో!

ఒక్క క్షణం గౌరునాయుడికి జాలేసింది. ఆ నొప్పి ఎలాంటిదో అతనికి తెలుసు. అంతలో రుచిపీట గుర్తొచ్చింది. "తియ్యగున్నాది" గుర్తొచ్చింది. పళ్ళెంలోంచి గట్టిగా, గరుగ్గా ఉన్న ముక్క ఏరాడు.

"ఎడమ పక్క... ఎడమ పక్క పెట్టు" అన్నారు భావనారాయణ గారు పళ్ళ సందునుంచి.

"శుభమండి, కుడిపక్కే పెట్టాల" అని గౌరునాయుడు ఆచారం ప్రకారం కుడివైపు దవడలోకి నొక్కాడు.

"ఆ...!"

ఆ కేక మైకులోంచి ఊరవతలికి వెళ్ళింది. వేదిక కింద కాపలా ఉన్న ముఖమిత్రలకి సీజనంతా అలవాటైన పని. ఎవరైనా "ఆ" అంటే చాలు, కాళ్ళూ చేతులూ వాటంతటవే నడుస్తాయి. ఒకడు వేదికెక్కి టార్చి వేశాడు. "అబ్బో" అన్నాడు. రెండోవాడు కుంచె ముంచి, సూపరింటెండెంటు గారి బుగ్గ మీద, కమిషనర్ గారి సాక్షిగా, పావలా కాసంత ఎర్రచుక్క పెట్టాడు.

ముందుగా తేరుకున్నది కమిషనర్ గారే. "ప్రత్యక్ష ప్రదర్శన! పథకాన్ని తన ముఖం మీదే ఆచరించి చూపించారు!" అని చప్పట్లు కొట్టారు. ఊరంతా కొట్టింది. భావనారాయణ గారి కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. ఆనందబాష్పాలని పత్రికలవాళ్ళు రాసుకున్నారు.

మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది. "ఎర్రచుక్కను కొందరు అవగాహనారాహిత్యం వల్ల లోపముగా భావించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. వాస్తవమునకు ఎర్రచుక్క అనగా పరిశోధన నిమిత్తం ఎంపికైన విశిష్ట నోరు. అట్టి నోళ్ళు శాస్త్రమునకు అమూల్యములు గనుక, వాటి సహజస్థితికి ఎట్టి భంగమూ కలుగకుండ, ఏ వైద్యుడూ ఏ చికిత్సా చేయక యథాతథముగా కాపాడవలెను."

ఊరు తలకిందులైంది. పచ్చచుక్కలవాళ్ళు ముఖాలు దాచుకుని తిరిగారు. వీర్రాజు గారు తన చుక్క మీద ఎరుపు వేయించుకుందామని గేటు దగ్గర పడిగాపులు పడ్డాడు. పచ్చ మీద ఎరుపు పెట్టే నిబంధన కూడా లేదట. సత్తిబాబు తనంతట తానే పీట దిగాడు. బళ్ళు కట్టుకొచ్చిన రైతులు గౌరునాయుణ్ణి చేతులమీద మోసుకెళ్ళి రుచిపీట మీద కూర్చోబెట్టారు. "విశిష్ట నోరండీ, గవర్నమెంటే ఎంచినాది!" అని పైఊరి వ్యాపారులకి వీర్రాజు గారే చూపించాడు. ఇరవయ్యేళ్ళు నాలికని చూసి నమ్మినవాళ్ళు ఇప్పుడు బుగ్గని చూసి నమ్ముతున్నారని గౌరునాయుడికి మనసు చివుక్కుమంది. అయినా పీట పీటే. మొదటి దిమ్మకి పెచ్చు లేపి, కళ్ళు మూసుకుని, "మందు కొట్టినావు, బండి తిప్పుకో" అన్నాడు. మార్కెట్టు ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే మేలురకం దిమ్మ ఒకటి అరిటాకులో చుట్టుకుని మందాకినికి ఇద్దామని పశువుల ఆసుపత్రి షెడ్డుకి వెళ్ళాడు. బారు బాగా పెరిగింది. విశిష్ట నోళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. చివర్లో, చూడి గేదె వెనకాల, మంకీక్యాపు మీద మఫ్లరు చుట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఎండాకాలం. మఫ్లరు కిందనుంచి చుక్క కనిపిస్తోంది.

"సూపర్నెంటు బాబుగారు కాదేటండి?" అన్నాడు గౌరునాయుడు.

బారంతా తిరిగి చూసింది. గేదె కూడా చూసింది. భావనారాయణ గారు నిటారుగా నిలబడ్డారు. వాచిన దవడలోంచి అధికారం బయటికి రావడం కష్టంగానే ఉంది.

"నేను... ఉత్తర్వుల ఉల్లంఘన ఏమైనా జరుగుతోందేమోనని... ఆకస్మిక తనిఖీకి వచ్చాను."

మందాకిని చేతులు కడుక్కుని, గిన్నెలోంచి పటకారు తీసి, ఎంతో వినయంగా బల్ల చూపించింది.

"అలాగే సార్, కూర్చోండి. తనిఖీ ఏ వైపు? పైదా, కిందదా?"